ధర్మసాగర్ చప్పగడ్డ

జనవరి 17, 1980. గురువారం

ఎరువుల కంపెనీవాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. నేను ఏటా దాన్ని చింపి పొట్లాలు కడతాను. ఈసారి రాయాలట. డాక్టరుగారి ఆజ్ఞ. "సాంబయ్యగారూ, రోజూ తిన్నది తిన్నట్టు రాయండి" అన్నాడు. సరే, రాస్తాను. కానీ ఆయనకు చూపించను. చూపించాలంటే నిజం రాయబుద్ధి కాదు. ఇది పగలు దుకాణంలో గల్లాపెట్టె వెనక, ఇంటికి పోయేటప్పుడు నా చేతిసంచి అడుగున ఉంటుంది.

దసరా నుంచి నాకు షుగర్. దాంతో మా అనసూయకు కొత్త ఉద్యోగం దొరికింది. పొద్దున్నే నా మూత్రం ఎనిమిది చుక్కలు గాజు గొట్టంలో పోసి, దవాఖాన నుంచి తెచ్చిన నీలం మందు కలిపి, స్పిరిట్ దీపం మీద కాస్తుంది. నీలంగానే ఉంటే నేను మంచివాణ్ణి. ఆకుపచ్చ అయితే అనుమానం. పసుపు అయితే తిట్లు. నారింజ అయితే ఏడుపు. దాని తర్వాత ఇటుక రంగు ఒకటుందట. అది మా ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు.

ఈ రోజు తిన్నది: పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం జొన్నరొట్టె, తోటకూర, మజ్జిగ. రాత్రికి కూడా అదే అట. రంగు పసుపు.

దుకాణంలో తిన్నది రాయలేదు. అది తిండి కిందికి రాదు, పని కిందికి వస్తుంది.

జనవరి 20, ఆదివారం

పని అంటే ఏమిటో రాస్తాను, లేకపోతే నేనే నన్ను దొంగ అనుకునేట్టున్నాను.

మాది కందగడ్డల అడ్తి, రైతుల దగ్గర కొని చిల్లర వ్యాపారులకు అమ్ముతాం. శివరాత్రి ఉపవాసానికి వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూళ్ళూ ఉడకబెట్టిన కందగడ్డే తింటాయి. ఆ ఒక్కరోజు కోసం నెల పొడుగునా కొంటాం. బస్తా పైన ఎప్పుడూ మంచి గడ్డలే ఉంటాయి. నేను మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు గడ్డ తీస్తాను. కుంపటి బూడిదలో కాల్చి, కొరికి, మింగి, అప్పుడు ధర చెబుతాను. మింగాల్సిందే. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు. అతని పంటను నోట్లో పెట్టుకొని ఉమ్మేస్తే మళ్ళీ మన గుమ్మం తొక్కడు. మా నాయన మింగాడు, నేను మింగుతున్నాను.

గడ్డ రుచి తవ్విన కాలాన్ని బట్టి ఉంటుంది. కార్తీకంలో, వానతడి ఆరకముందు తవ్వింది నీళ్ళగడ్డ. ఇప్పుడు, ఈ మాఘంలో తవ్వింది పిండిగడ్డ. నోట్లో పొడిపొడిగా విరుగుతుంది కానీ తీపి ఉండదు. దాన్నే నీడన గడ్డి కప్పి రెండు వారాలు ఉంచితే తియ్యబడుతుంది. ధర్మసాగర్ రైతులకు ఆ ఓపిక లేదు. తవ్విన మర్నాడే తెచ్చి పడేస్తారు. అందుకే మార్కెట్లో ధర్మసాగర్ చప్పగడ్డ అని పేరు.

నేనిప్పుడు ఎక్కువగా ధర్మసాగర్ సరుకే కొంటున్నాను. నాలుకకు తీపే తగలని గడ్డలో షుగర్ ఎక్కడుంటుంది? ఇంత చిన్న సంగతి డాక్టరుకు తట్టలేదు. కందగడ్డ పేరెత్తితేనే వద్దంటాడు.

జనవరి 23, బుధవారం

నిర్మల అనే అమ్మాయి వచ్చింది. తెనాలి వైపు పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి గడ్డల మీద పరిశోధన చేస్తోందట. ఒక్కో లాట్ నుంచి ఒక్కో కిలో కావాలంది. ధర అడగలేదు, పుచ్చులు చూడలేదు. ప్రతి బస్తా దగ్గరా ఒకటే ప్రశ్న, "ఇది ఎప్పుడు తవ్వారండీ?"

"తవ్విన తారీఖుతోటి కూర వండుతవా బిడ్డా?" అన్నాను.

"కూరకు కాదండీ. ఏ కాలంలో తవ్విన చిలగడదుంపలో పిండి ఎంత ఉంటుంది, చక్కెర ఎంత ఉంటుంది అని చూస్తున్నాను."

మా కందగడ్డకు వాళ్ళ పేరు చిలగడదుంప అట. యాకయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాడు. యాకయ్య మా హమాలీ. మా నాయన పోయిన ఏడు పనిలో చేరాడు. క్వింటాలు బస్తాను వీపున వేసుకొని లారీ మీది పలక దిగుతుంటే కూడా మాట్లాడగలడు. తవ్వేటప్పుడు పార తగిలి తెగిన గడ్డలు అమ్ముడుపోవు, అవి సాయంత్రం హమాలీకి ఇవ్వడం రివాజు. ఈ కాలమంతా యాకయ్య ఇంట్లో అన్నం వండరు, అవే ఉడకబెడతారు.

నేను ఆ పిల్లకు అన్ని లాట్లూ చూపించాను. తవ్విన రోజు అడగకుండా నాలుకతో నేనే చెప్పాను. ఆమె నోరు తెరిచి చూసింది. చాలా రోజుల తర్వాత నన్ను ఒకరు మెచ్చుకున్నారు.

రంగు పసుపు. అనసూయ తిట్టింది.

జనవరి 27, ఆదివారం

నారింజ.

అనసూయ ఏడవలేదు. అందుకే భయమేసింది. దీపం ఆర్పి, గొట్టం కడిగి, కొంగుతో చేతులు తుడుచుకొని చెప్పింది: "ఇగో ఇనున్రి. దినమంత ఆ దుకాణంల ఏం తింటాన్రో నాకెరుక లేదనుకోకున్రి. రేపు గూడ గిదే రంగొస్తే శివరాత్రి దాక మా సారయ్య కూసుంటడు దుకాణంల. మీరు ఇంట్ల పండుకోన్రి."

సారయ్య ఆమె తమ్ముడు. కందగడ్డకూ కర్రపెండలానికీ తేడా తెలియదు. వాణ్ణి నా గద్దె మీద, అదీ శివరాత్రి ముందు! రైతులు రెండు రోజుల్లో ఎదురు అడ్తికి పోతారు. మా నాయన నుంచి వచ్చిన పేరు, ఈ నాలుక తప్ప నాకింకేం ఉంది? నాకు చాలా కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ గాజు గొట్టం మీద.

జనవరి 28, సోమవారం

రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచించాను. రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

దుకాణం తాళంచెవి కోసం యాకయ్య తెల్లవారుతూనే ఇంటికి వస్తాడు. వాడి చేతిలో చిన్న సీసా పెట్టాను.

"గిదేంది సేటూ, పొద్దుగాల్నే సీస చేతుల పెడ్తివి?"

"అండ్ల ఉచ్చ పోసియ్యి. హమాలీలకు దవాఖానల పరీక్ష చేస్తరట. బరువులు మోసెటోళ్ళకు ఏమన్న రోగాలుంటే చెప్తరట."

"నాకేం రోగముంటది?" అని పెద్దగా నవ్వాడు. "ఉచ్చకైతె కొదువ లేదు సేటూ. గీ నడుమ ఊకె వస్తాంది."

షుగర్ మాలాంటి కూర్చునేవాళ్ళ రోగం. యాకయ్యది ఇనుములాంటి ఒళ్ళు. వాడిది కాస్తే ఆకాశంలా నీలంగా ఉంటుందని నా ధైర్యం. సీసా తెచ్చి నాదేనని అనసూయకు ఇచ్చాను.

మందు నీలం పోయింది, ఆకుపచ్చ వచ్చింది, పోయింది, పసుపు, నారింజ, అక్కడా ఆగలేదు. ఇటుక రంగు. అడుగున ఇటుకపొడిలాగే పేరుకుంది.

అనసూయ గొట్టం కింద పెట్టింది. అక్కడే నేల మీద కూలబడి, కొంగు పట్టుకొని ఏడ్చింది. "గిదేంది గిట్లయింది... నేను నిన్న గట్ల అన్నందుకు కోపంతోటి తిన్నరా? నిజం చెప్పున్రి, నా మీద ఒట్టు."

నిజం చెప్పాలంటే ఆ సీసా ఎవరిదో చెప్పాలి. "ఏం తినలే" అన్నాను. అది నిజమే కదా, ఒక లెక్కన.

జనవరి 29, మంగళవారం

డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఇటుక రంగు అనగానే ఆయన కళ్ళద్దాలు తీశాడు. రోజూ మింగే షుగర్ గోళీలు రెండింతలు చేశాడు. దుకాణంలో సారయ్యను కూర్చోబెట్టాలా అని అనసూయ అడిగితే, "దుకాణం మాన్పించకండి, దిగులుతో ఇంకా పెరుగుతుంది" అన్నాడు. ఆ మాట మాత్రం పెద్దమనిషి మాట.

మొత్తానికి గద్దె నిలిచింది.

జనవరి 30, బుధవారం

అనసూయ ఎదురుగా నిలబడి గోళీలు మింగించింది. పదకొండు గంటలకు నాకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, త్రాసు రెండుగా కనబడింది. రైతు ఏదో అడుగుతున్నాడు, మాట అర్థం కావడం లేదు. పక్కకు ఒరిగిపోయాను.

తెలివి వచ్చేసరికి నా తల యాకయ్య తొడ మీద ఉంది. నిల్వగడ్డ, తియ్యనిది, వేళ్ళతో నలిపి నా నోట్లో పెడుతున్నాడు. "మింగు సేటూ, మింగు. ఆకలి పడ్డది నీకు. గా రొట్టెలు తిని ఎట్ల బతుకుతవు?" చుట్టూ నిలబడ్డవాళ్ళను వాడే తిట్టి పంపాడు. తర్వాత నన్ను రిక్షా దాకా ఎత్తుకొని పోయాడు. వాడి ఒళ్ళు ఒకప్పుడు ఇంత ఎముకలుగా ఉండేది కాదు.

ఆ గోళీలు డాక్టరు వాడి మూత్రం రంగు విని రాసినవి. మింగింది నేను.

జనవరి 31, గురువారం

యాకయ్యకు చెప్పాలి. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 2, శనివారం

చెప్పలేదు. ఊరికే కాదు, కారణాలున్నాయి.

చెబితే "నీకెట్ల ఎరుక" అంటాడు. సీసా సంగతి వస్తుంది. వాడి భార్య మొగిలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, వారంలో అనసూయకు చేరుతుంది. అప్పుడు డాక్టరు మాట కూడా వినదు, సారయ్యను కూర్చోబెడుతుంది. ఇంకొకటి, ఇప్పుడు యాకయ్య దవాఖానకు పోతే లారీలు దింపేదెవరు? శివరాత్రి ఎంత దూరముంది, పన్నెండు రోజులు. ఇన్నాళ్ళు ఉన్న రోగం పన్నెండు రోజులు ఆగలేదా? తర్వాత నేనే దగ్గరుండి తీసుకుపోతాను. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు, అందరి పనీ సాగాలి.

గోళీలు నాలుక కింద పెట్టుకొని వీధి మలుపులో ఉమ్మేస్తున్నాను. పాత లెక్క ప్రకారం ఒక్కటే మింగుతున్నాను. సీసాలో నాదే ఇస్తున్నాను. పసుపు వస్తోంది. ఇటుక నుంచి పసుపుకు దిగిందని అనసూయ హనుమాండ్ల గుడిలో కొబ్బరికాయ కొట్టింది.

మార్కెట్ వెనక గోడ దగ్గర, యాకయ్య ఒంటికి పోయే చోట, చీమలు బారు కట్టాయి. కాలితో మట్టి తోశాను.

ఫిబ్రవరి 3, ఆదివారం

ఉపాయం తట్టింది. ఇన్ని రోజులూ యాకయ్య తెగిన గడ్డలు ఏ లాట్‌వి పడితే అవి తీసుకుపోతున్నాడు, ఎక్కువగా నిల్వవి, తియ్యనివి. ఇవాళ్టి నుంచి ధర్మసాగర్ చప్పగడ్డలే ఇస్తున్నాను. తెగినవి చాలకపోతే మంచివే కలిపి బుట్ట నింపాను.

"ఏంది సేటూ, మంచి గడ్డలు గూడ ఇస్తాన్నవు?"

"తినుండ్రి. గివే తినుండ్రి. తియ్యటియి ముట్టకుండ్రి, కడుపుల పురుగులైతయి."

చక్కెర మానిపించాను. డాక్టరైనా ఇదే కదా చేసేది. ఈ రాత్రి మంచి నిద్ర పడుతుంది.

ఫిబ్రవరి 5, మంగళవారం

లారీ దింపి, నీళ్ళకుండ దగ్గర నాలుగు చెంబులు తాగి, మూతి తుడుచుకుంటూ అడిగాడు.

"సేటూ, గా దవాఖాన సీసల ఏమెల్లింది?"

చుట్టూ ఎవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

"ఏం లేదు. మంచిగున్నది" అన్నాను.

"నేను చెప్పలే?" అని ఇంకో బస్తా ఎత్తాడు.

ఫిబ్రవరి 6, బుధవారం

చప్పగడ్డలు ఇచ్చాను. బుట్ట నిండా.

ఫిబ్రవరి 9, శనివారం

నిర్మల మళ్ళీ వచ్చింది. ఎండబెట్టి, పొడి చేసి, లెక్కలన్నీ తీసిందట. మొదట నాకే చెప్పాలని వచ్చానంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను నాలుకతో చెప్పిన తారీఖులు, రైతులను అడిగి చూస్తే, ఒక్కటీ తప్పలేదట. కుర్చీ వేయించాను, చాయ్ తెప్పించాను.

"మీరు నీళ్ళగడ్డ అన్నది నిజమేనండీ. కార్తీకంలో తవ్వి దాచిన దుంపలు నా దగ్గరున్నాయి. వాటిలో నీళ్ళు ఎక్కువ, పిండి తక్కువ. వానలు పోయి నేల ఆరాక, ఇదిగో ఈ మాఘంలో తవ్విన వాటిలో పిండి నిండుగా ఉంటోంది. తవ్వి నీడన ఉంచితే ఆ పిండిలో కొంత చక్కెరగా మారుతుంది. అందుకే తీపి."

"అంటే చప్పగున్నదాంట్ల చక్కెర లేనట్టే గద బిడ్డా?"

"నాలుకకు లేదు" అంది. సంచిలోంచి చిన్న సీసా తీసింది. ధర్మసాగర్ గడ్డను అడ్డంగా కోసి, తెల్లటి కోత మీద రెండు చుక్కలు వేసింది. అయొడిన్ అట. చూస్తుండగానే నల్లబడింది. మామూలు నలుపు కాదు, సిరా ఒలికినట్టు. "ఇదంతా పిండేనండీ. నేను చూసిన అన్ని లాట్లలోకీ ఎక్కువ ఇందులోనే."

అప్పుడు అడిగాను, ఏదో ఊసుపోక అడిగినట్టు. "షుగర్ ఉన్నోడు గీ చప్పగడ్డలు తినొచ్చా మరి?"

ఆమె నవ్వింది. "కడుపులోకి పోయాక పిండి అరిగేది చక్కెరగానేనండీ. షుగర్ ఉన్నవాళ్ళకు తియ్యదుంప ఎంతో చప్పదుంపా అంతే. పూటపూటా కడుపు నింపుకున్నారంటే మరీ చెడ్డది. ఎవరికండీ, మీకా?"

"నాకే" అన్నాను.

ఆమె వెళ్ళాక ఆ నల్లబడ్డ ముక్కను పారేయడానికి కూడా చేయి రాలేదు. మొన్న ఆదివారం నుంచి రోజూ బుట్ట నింపి పంపింది నేనే. పండక్కి పంపినట్టు మంచి గడ్డలు ఏరి మరీ పంపాను.

సాయంత్రం యాకయ్య బుట్టతో నిలబడ్డాడు. "ఇయ్యాల గడ్డలు లేవు. బియ్యం కొనుక్కో" అని పైసలిచ్చాను. చెప్పాల్సిన మాట ఇంకా ఉంది, నోటిదాకా వచ్చింది. బయట లారీ హారన్ కొట్టింది.

ఫిబ్రవరి 10, ఆదివారం

చెప్పాలి.

ఫిబ్రవరి 11, సోమవారం

లారీలు వస్తూనే ఉన్నాయి. నిలబడి తిన్నాను, నిలబడి రాస్తున్నాను.

ఫిబ్రవరి 12, మంగళవారం

యాకయ్య కుంటుతున్నాడు. లారీ పలకలోని మేకు కాల్లో దిగిందట, ఎప్పుడో తెలియదట. నెత్తురు చూసి వేరే హమాలీ చెబితే తెలిసిందట. "నొప్పే లేదు సేటూ, గదే మంచిగున్నది" అన్నాడు. నొప్పి లేదంటే చిన్న దెబ్బే. టింక్చరు తెప్పించి పోయించాను, గుడ్డ కట్టించాను. రెండు రోజులు ఇంటి దగ్గర పడుకో అని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండు రోజుల్లో శివరాత్రి.

ఫిబ్రవరి 14, గురువారం

శివరాత్రి. తెల్లవారకముందే జనం. మధ్యాహ్నానికి బస్తాలు దులిపి అమ్మాం. చిల్లర వ్యాపారులు పుచ్చుగడ్డలు కూడా వదల్లేదు. ఎదురు అడ్తివాడు మా దుకాణం వైపే చూస్తూ కూర్చున్నాడు. మా నాయన ఉంటే సంతోషించేవాడు.

యాకయ్య సాయంత్రం దాకా మోశాడు. కాలికి కట్టిన గుడ్డ చీముతో పచ్చగా తడిసింది. దగ్గరికి వస్తే వాసన. నేను పక్కకు జరిగాను.

నేను ఉపవాసం. నిజంగానే ఏమీ తినలేదు. రంగు ఆకుపచ్చ.

ఫిబ్రవరి 16, శనివారం

సూర్యగ్రహణం. నిన్న కూడా దుకాణం తెరవలేదు, అలసట. ఇవాళ తలుపులన్నీ వేసి, నీళ్ళ బిందెల్లో గరిక వేసి కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు మసకబారింది, పక్షులు అరిచాయి. బజారులో మనిషి లేడు. గ్రహణం పూట చెడు కబురు చెప్పకూడదంటారు. సోమవారం చెప్తాను. తప్పకుండా.

ఫిబ్రవరి 18, సోమవారం

తాళంచెవికి యాకయ్య రాలేదు. మొగిలమ్మ వచ్చింది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. వాకిట్లో అనసూయతో మాట్లాడుతోంది, అంతా వినబడుతోంది.

"కాలు నల్లగైందమ్మా. ఒళ్ళు కాలుతాంది, మనిషికి సోయి లేదు. రాత్రి దవాఖానల ఏసినం. గక్కడి డాక్టర్లు షుగరున్నదంటాన్రు. ఎన్నడన్న పరీక్ష చేసిన్రా అని అడుగుతాన్రు. నేనన్న, మా సేటు సీసల పోయించుకొని పంపిండు, మంచిగున్నదన్నరట అని. గా కాయితం ఏమన్న ఉంటే ఇయ్యమ్మా, డాక్టరు తెమ్మన్నడు."

అనసూయ కాయితం సంగతి ఎత్తలేదు. "సీస ఎప్పుడు పోసిండు?" అంది.

"పొద్దుగాల్నే తాళంచెవికి వచ్చినప్పుడట. నెల కాలేదమ్మా."

మొగిలమ్మకు బియ్యం, పైసలు ఇచ్చి పంపి లోపలికి వచ్చింది. నా సగం గడ్డానికి సబ్బు నురగ ఉంది. ఆమె అద్దంలోంచే నన్ను చూసింది.

"గా ఇటుక రంగు ఎవరిది?"

నేను గడ్డం కత్తిని నీళ్ళ గిన్నెలో ముంచాను.

"నా కొంగు పట్టుకొని ఏడిస్తి గద ఆనాడు, మీరు పోతరేమోనని. ఎవలు పోతాన్రో మీకెరుకనేనా?" గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. "నన్ను మోసం చేసిన్రు, సరే, మన ఇంటి ముచ్చట. గాయనేం జేసిండు మీకు? మిమ్ముల ఎత్తుకొని తెచ్చి రిక్షల ఏసినోడు."

"శివరాత్రి ఎల్లినంక చెప్దామని..."

"నాకు చెప్పకున్రి. ఆయనకు చెప్పున్రి. మీరే చెప్పాలె. నేను చెప్ప."

ఫిబ్రవరి 19, మంగళవారం

డాక్టర్లకు చెప్పాను. సీసా సంగతి, రంగు సంగతి, రోజూ తిన్న గడ్డల సంగతి, అన్నీ. ఒక చిన్న డాక్టరు రాసుకుంటూ తలెత్తి నన్ను చూశాడు, మళ్ళీ తల దించుకొని రాసుకున్నాడు. యాకయ్య జ్వరంలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

ఫిబ్రవరి 20, బుధవారం

దుకాణం తెరవలేదు. అనసూయ రెండు పూటలా దవాఖానకు రొట్టెలు తీసుకుపోతోంది. నేనూ రోజూ పోయి వార్డు గుమ్మం దగ్గర నిలబడి వస్తున్నాను. నాతో మాట్లాడటం లేదు. పొద్దున గొట్టం కడిగి దీపం వెలిగించింది, పరీక్ష చేసింది, రంగు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 22, శుక్రవారం

కాలు తీసేశారు. మోకాలి కింద నుంచి.

ఫిబ్రవరి 24, ఆదివారం

జ్వరం తగ్గిందన్నారు. పోయాను. మొగిలమ్మ నీళ్ళకు పోయింది. యాకయ్య దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. దుప్పటి ఒకవైపు పల్చగా పడి ఉంది, అటు చూడకుండా ఉండటం చేతకాలేదు. పక్క మంచం ముసలాయనకు నన్ను చూపించి చెబుతున్నాడు.

"గీనెనే మా సేటు. దినాం వస్తాండు. అమ్మనైతె రెండు పూటలు రొట్టెలు తెస్తాంది. ఇంకెవలన్నయితె హమాలిగాడు పోతే పోనీ అందురు."

నాకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఇంకో నిమిషం ఆగితే ఆ మంచిమాటలు ఉంచుకొని ఇంటికి వచ్చేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు. అందుకని కూర్చోకుండానే, నిలబడే చెప్పాను.

"యాకయ్యా, గా సీస దవాఖానకు పంపలే. మా ఇంట్లనే చూసినం. నా ఉచ్చ అని చెప్పి ఇచ్చిన, అనసూయను మోసం చేద్దామని. అండ్ల షుగర్ ఎల్లింది, మస్తుగ ఎల్లింది. నువ్వడిగిననాడు మంచిగున్నదని అబద్ధం చెప్పిన."

వాడు కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఎలా తెలిసిందంటే, చేయి తనంతట తనే దుప్పటి మీద ఆ ఖాళీ వైపు పోయి ఆగింది.

"అంటే నీకు గప్పటి సంది ఎరుకనే."

"ఎరుకనే."

"మేకు దిగిననాడు గూడ ఎరుకనే."

"ఎరుకనే."

"మరెందుకు చెప్పలే సేటూ?"

చాలా మాటలు ముందే కూర్చుకొని పోయాను. సారయ్య, గద్దె, మా నాయన, లారీలు. అన్నీ కలిపితే ఒక్క మాటే అయింది.

"శివరాత్రి ఎల్లినంక చెప్దామనుకున్న."

పక్క మంచం ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. యాకయ్య తిడతాడని ఎదురుచూశాను. తిడితే నాకు మేలు జరిగేది. వాడు తల ఊపాడు, ఏ బస్తా ఎక్కడ వేయాలో చెప్పినప్పుడు ఊపినట్టే. కిటికీలోంచి బయటికి చూశాడు. ప్రతి ఏడూ సీజను అయిపోయాక గోనెలు మడతపెడుతూ నన్ను అడిగే మాటే అడిగాడు. ఎత్తిపొడుపు ఉందేమోనని ముఖంలోకి చూశాను, లేదు.

"గిరాకి మంచిగైందా సేటూ?"

"మంచిగనే అయింది" అన్నాను.